కొనకముందే రంగేసిన గేటు

ఇల్లు ఇంకా వాళ్ళది కాలేదు. మాటైతే అనుకున్నారు గానీ, బయానా ఇవ్వలేదు, సంతకాలు పడలేదు. అయినా పెయింటరు చెయ్యి ఊరుకోలేదు. ఎప్పుడో బస్సులో పోతూ పోతూ భార్య ఎవరిదో గేటు చూసి, "అబ్బ, ఆ నీలం ఎంత బాగుందో" అంది. అన్న మనిషి అక్కడే మర్చిపోయింది, విన్న మనిషి మర్చిపోలేదు. ఇంటాయనకు ఫోన్ చేసి "గేటుకి కాస్త రంగేసుకోమంటారా?" అని అడిగాడు. "ఇక మీ ఇల్లే అనుకోండి" అన్నాడాయన. ఆ మాట చాలు. సెలవురోజు పొద్దున్నే వెళ్ళి, తుప్పు గీకి, రెండు కోటింగులు వేసి, బ్రష్షులు కడుక్కుని, పెళ్ళాం ఎప్పుడొస్తుందా అని గట్టు మీద కూర్చున్నాడు.

ఆమె వచ్చింది. చంకలో మూడేళ్ళ కూతురు పిచిక, వెనకాల వదిన. వదినంటే పెయింటరుకి అక్క. పెద్ద రోడ్డుకి అవతల సందులో కాపురం ఉంటుంది. ఇల్లు దొరికిందంటే చూడ్డానికి వచ్చింది గానీ, మొహం చూస్తే వంకలు వెతకడానికి వచ్చినట్టే ఉంది.

పెయింటరు భార్య గేటు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెంటనే పిచిక రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"ఆరిందా? ముట్టుకుంటే అంటుతుందా? అంటిన చెయ్యి నోట్లో పెట్టుకుంటుందేమో!"

"ఆరిందిలేవే కంగారమ్మా," అన్నాడు పెయింటరు. "ఒక్క క్షణం సంతోషపడి ఆ తర్వాత కంగారుపడకూడదూ?"

ఆమెకు అసలు పేరొకటి ఉంది గానీ, దాన్ని ఆసుపత్రి చీటీల మీద తప్ప ఎవరూ వాడరు. ఇంటాబయటా అందరికీ కంగారమ్మే. ఆ పేరు ఊరికే రాలేదు. ఈ ఇల్లు మొదటిసారి చూసిన రోజున అందరూ గదులు చూస్తుంటే, ఆమె మెడలో వేలాడే కొలతల టేపు తీసి మెట్ల పక్కనున్న ఇనుప కమ్మీల మధ్య సందు కొలిచింది. తర్వాత పిచిక తలకాయ కొలిచింది. తల పెద్దది, సందు చిన్నది. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు. కుళాయిలన్నీ తిప్పింది. కిటికీ గొళ్ళాలు పిల్లకు అందుతాయేమో చూసింది. వీధిలోకెళ్ళి నిలబడింది. వెడల్పాటి వీధి, రెండు పక్కలా ఒకే ఎత్తు చెట్లు, నడవడానికి వేరే గట్టు. ఒక్క బండి లేదు. ఒక్క హారను లేదు. పిల్లలు వీధి మధ్యలో సైకిళ్ళు తొక్కుతుంటే తల్లులు లోపల పనులు చేసుకుంటున్నారు. అలా ఉండొచ్చా అనిపించింది ఆమెకు. పిల్ల కనపడకపోయినా గుండె కొట్టుకోకుండా ఉండే వీధి ఉంటుందా అనిపించింది.

కుట్టుమిషను ఎక్కడ పెట్టాలో కూడా ఆ రోజే నిర్ణయించేసుకుంది. ముందు గదిలో, కిటికీ కింద.

వదిన గేటు చుట్టూ తిరిగి చూసింది. "వీధిలో అన్నీ బూడిదరంగు గేట్లే. నీదొక్కటే నీలం. చాకిరేవులో కోక ఆరేసినట్టుంది తమ్ముడూ."

"అందుకేనే అక్కా, వేశాను! అందరూ ఒక్క పెయింటర్నే పిలిచినట్టున్నారు. వాడికి బూడిదరంగు తప్ప చేతకాదు కాబోలు పాపం అనుకున్నా. ఇది చూశాక వీధిలో వాళ్ళంతా నన్నే పిలుస్తారు చూడు."

అన్నంతసేపు పట్టలేదు, పక్కింట్లోంచి ఒకావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, ఇస్త్రీ మడత చెదరని బట్టలు, కాలి కింద చీమ కూడా నలగనట్టు నడక. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఇప్పుడు ఆ కాలనీ సంఘానికి అధ్యక్షురాలు. అందరూ నర్సమ్మగారంటారు.

"ఈ రంగు ఎవరు వేశారు?" అంది.

పెయింటరు మొహం వెలిగిపోయింది. "నేనేనండి. మీ గేటుకీ వెయ్యమంటారా?"

"నాకు వద్దు బాబూ," అంది నర్సమ్మ మెల్లగా. "మీకూ వద్దు."

ఆవిడ కోప్పడలేదు. అదే కంగారమ్మకు ఎక్కువ భయం వేసింది. కోప్పడే వాళ్ళకైతే ఏదో ఒకటి చెప్పొచ్చు. ఈవిడ గట్టు మీద కూర్చుని, జ్వరం వచ్చిన వాళ్ళకి మందు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పినట్టు, ఒక్కొక్కటీ చెప్పింది. ఈ కాలనీలో గేట్లన్నీ ఒకటే రంగు. ముందువైపు బట్టలు ఆరెయ్యకూడదు. గోడ ఇంత ఎత్తుకు మించకూడదు. ఇల్లు కొన్నవాళ్ళు సంఘంలో చేరినట్టే, ఈ రూళ్ళన్నిటికీ ఒప్పుకున్నట్టే. ఆ ముక్క అమ్మకం కాగితాల్లోనే ఉంటుంది.

"గేటుకి ఒకటే రంగెందుకమ్మా?" అడిగింది వదిన. అడక్కపోతే ఆవిడ వదినే కాదు.

"నేను రాకముందు పెట్టింది. ఒకాయన చిలకపచ్చ వేస్తే ఎదురింటాయనకి నిద్ర పట్టలేదట."

"గేటు చూసి నిద్ర పట్టకపోతే గేటు మార్చాలా, మనిషిని డాక్టరుకి చూపించాలా?"

నర్సమ్మ పెదవుల మీద నవ్వు వచ్చి ఆగిపోయింది. అంతలో ఆవిడ చూపు పెయింటరు వ్యాను మీద పడింది. పైన నిచ్చెన, లోపల డబ్బాలు, తలుపు మీద కారిన అన్ని రంగుల మరకలు.

"ఇది మీదేనా? రాత్రుళ్ళు సరుకుల బళ్ళు లోపల పెట్టకూడదు. పెద్ద రోడ్డు మీద పెట్టుకోవాలి."

"తెల్లారేసరికి డబ్బాలుండవండి అక్కడ."

"అది నిజమే," అంది నర్సమ్మ. తర్వాత కంగారమ్మ మెడలో టేపు చూసి ఆగింది. "నువ్వు బట్టలు కుడతావా అమ్మా?"

"కుడతానండి."

"ఇంట్లోనేనా?"

కంగారమ్మ తలూపింది. ఏదో వస్తోందని తెలిసిపోయింది.

"ఇళ్ళల్లో వ్యాపారం చెయ్యకూడదు. నీకు, నీ పిల్లకి కుట్టుకో, ఎవరూ అడగరు. బయటివాళ్ళు బట్టలు పట్టుకుని రాకూడదు."

పెయింటరు అక్కడే ఇంటాయనకు ఫోన్ చేశాడు. "ఇన్ని రూళ్ళున్నాయని చెప్పలేదేంటండీ?"

"మీరు అడగలేదు కదండీ," అన్నాడాయన.

"ఉన్నాయని తెలిస్తే కదండీ అడిగేది!"

ఆయన తప్పూ పూర్తిగా కాదు, వీళ్ళ తప్పూ కాదు. అద్దె ఇళ్ళలో ఉన్నన్నాళ్ళూ రూలంటే ఇంటి ఓనరు మాటే. మేకు కొడితే ఒక మాట, నీళ్ళు ఒలికితే ఒక మాట. సొంతిల్లు కొనుక్కుంటే ఆ నోరు మూతపడుతుందనుకున్నారు. సొంతింటికి కూడా వీధి నిండా ఓనర్లుంటారని వాళ్ళకెవరు చెప్పారు? కుళాయిలు చూశారు, గొళ్ళాలు చూశారు, కమ్మీలు కొలిచారు. వీధిని ఒక్క మాటా అడగలేదు.

*

వదిన వాళ్ళను సందులోకి లాక్కెళ్ళింది. "టీ తాగి ఏడవండి" అంది.

పెద్ద రోడ్డు దాటితే అంతా వేరు. నడిచే గట్టు లేదు. మొదటి ఇంట్లో వెల్డింగ్ ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మంచం కోళ్ళు అతికిస్తున్నాడు, నిప్పురవ్వలు సందులోకి ఎగురుతున్నాయి. ఒకావిడ గుమ్మంలో కూర్చుని కూరగాయలు తరుగుతూ ఎదురింటావిడతో, ఎదురింటావిడ మేడ మీదావిడతో, అలా సందు చివరిదాకా ఒకే మాట నడుస్తోంది. ఒక గేటు ఎరుపు, ఒకటి పసుపు, ఒక ఇంటికి గేటే లేదు. వదిన ఇంటి పక్కన ఒక ఇల్లు ఖాళీగా ఉంది. కప్పు కాస్త దిగువ, గోడకు చెమ్మ. కానీ ముందు గది తలుపు తీస్తే నేరుగా సందే.

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా," అంది వదిన టీ అందిస్తూ. "ఇది కూడా అమ్మకానికే ఉందే మరదలా. నీ మిషను పెట్టుకో, నీ బండి పెట్టుకో, గేటుకి నీ ఇష్టమొచ్చిన రంగు కొట్టుకో. ఎవరైనా కాదంటే నేను చూసుకుంటా."

కంగారమ్మ టీ తాగలేదు. ఆమె కళ్ళు సందులో ఉన్నాయి. నీళ్ళ ట్యాంకరు ఒకటి వెనక్కి వస్తోంది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి పైకి చూస్తున్నాడు, కరెంటు తీగలు తగులుతాయేమోనని. కింద, బండి వెనకాల, సుద్దముక్కతో గళ్ళు గీసుకుని ఆడుకుంటున్న పిల్లలు బండి దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక్కో అడుగు జరిగి మళ్ళీ గెంతుతున్నారు. ఎవరూ అరవలేదు. వాళ్ళకది అలవాటే. ఆమెకు మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి. ఒళ్ళో పిచికను ఎంత గట్టిగా పట్టుకుందంటే, అది "నొప్పే" అని ఏడ్చింది.

"ఇక్కడ వద్దు," అంది ఆమె.

"అక్కడ మిషను వద్దంటారు, ఇక్కడ నువ్వే వద్దంటావు. చెట్టు మీద కట్టుకుంటావా కాపురం?" అంది వదిన.

*

మర్నాడు పెయింటరు నీలం గేటుకి బూడిదరంగు వెయ్యడానికి వెళ్ళాడు. కొన్నా కొనకపోయినా, వేసినవాడే తుడవాలి కదా అన్నాడు. కంగారమ్మ పిచికను ఎత్తుకుని పక్కింటి తలుపు కొట్టింది. దారంతా ఏం మాట్లాడాలో పాఠంలా అనుకుంటూ వచ్చింది గానీ, నర్సమ్మ తలుపు తియ్యగానే అంతా మర్చిపోయి, "మిషను చప్పుడు చెయ్యదండి, నూనె వేస్తే అస్సలు చెయ్యదండి" అనేసింది.

నర్సమ్మ లోపలికి రమ్మని కూర్చోబెట్టింది. పిచికకు ఒక చెక్క చెంచా ఇచ్చింది, కొట్టుకోవడానికి.

"చప్పుడు గురించి కాదమ్మా," అంది. "అవతల చివరి ఇంట్లో ఒకావిడ సంచులు కుట్టేది. మంచి మనిషి. గుడ్డల మూటలు వ్యానులో వచ్చేవి. ఒకరోజు ఆ వ్యాను వెనక్కి వస్తూ ఒక పిల్లాణ్ణి చూసుకోలేదు. వాడు బంతి కోసం వంగాడు. ఆసుపత్రి బండి వచ్చేదాకా వాడి కాలు నా ఒళ్ళో ఉంది. ఇప్పుడు నడుస్తాడు గానీ, పరిగెత్తలేడు."

కంగారమ్మ పిచిక కాళ్ళ వంక చూసింది. చెంచాతో నేలను కొడుతూ, ఆ తాళానికి కాళ్ళూపుతోంది.

"ఆ తర్వాతే ఇళ్ళల్లో వ్యాపారం వద్దని, సరుకుల బళ్ళు వద్దని ఈ రెండు రూళ్ళూ పెట్టాం. సంచులావిడ ఇల్లమ్ముకుని వెళ్ళిపోయింది. ఆవిడ తప్పేం లేదని నాకూ తెలుసు." నర్సమ్మ పిచిక వైపు చూసింది. "నువ్వొస్తే నాకు సంతోషమే. పిల్ల ఉన్న ఇల్లు పక్కనుంటే నాకూ పొద్దు పోతుంది. ఎవరూ ఇంటికి రాకుండా, నువ్వే వెళ్ళి బట్టలు తెచ్చుకుని కుట్టుకుంటానంటే సంఘంలో మాట్లాడి ఒప్పిస్తా. ఆ రూలు మాత్రం తియ్యమనకు. తియ్యలేను."

"తియ్యొద్దండి," అంది కంగారమ్మ. తన నోటి నుంచే ఆ మాట వచ్చిందని ఆమెకే ఆశ్చర్యం వేసింది. నిన్న రాత్రంతా దేన్ని తిట్టుకుందో ఆ రూలు ఇదే. దాని వెనకాల ఒక పిల్లాడి కాలుందని తెలిశాక తిట్టడానికి నోరు రాలేదు.

బయటికి వచ్చింది. పెయింటరు గేటు ఒక రెక్క పూర్తి చేశాడు. ఒక రెక్క బూడిద, ఒక రెక్క నీలం.

"ఏమంది?"

చెప్పింది. అతను బ్రష్షు డబ్బా మీద ఆనించి అంతా విన్నాడు.

"అయితే కొనేద్దాం," అన్నాడు. "వ్యాను అక్క వాళ్ళ సందులో పెడతా. నిచ్చెన భుజాన వేసుకుని రోడ్డు దాటడం ఎంతసేపు? నువ్వు బట్టలు తెచ్చుకుని కుట్టుకో. నీకిక్కడ నిద్ర పడుతుంది. నువ్వు నిద్రపోతే నాకూ పడుతుంది."

అతను అబద్ధం ఆడట్లేదు. నిజంగానే రోజూ నిచ్చెన మోస్తాడు, ఒక్క మాట అనడు. అందుకే ఆమెకు దుఃఖం వచ్చింది.

ఆమె బడి తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది. అమ్మకు జబ్బు చేస్తే తమ్ముళ్ళను చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయింది, మళ్ళీ వెళ్ళలేదు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళ దగ్గరే. చేతులు పైకెత్తి నిలబడ్డ మనిషికి వేరే పనేముంటుంది, మాట్లాడుతుంది. పిల్లకు దగ్గొస్తే ఏ డాక్టరు దగ్గరికెళ్ళాలి, బ్యాంకులో ఏ కిటికీ దగ్గర నిలబడాలి, ఏ బళ్ళో పిల్లల్ని కొట్టరు, అన్నీ అలాగే తెలిశాయి. ఇల్లు కొనుక్కోమని ధైర్యం చెప్పింది కూడా ఒక జాకెట్టు కొలతలావిడే. ఎవరూ తలుపు తట్టని ఇంట్లో తను కూర్చుంటే, పిచికకు దగ్గొచ్చిన రోజున ఎవరిని అడుగుతుంది?

"ఇక్కడ పిల్లకి భయం ఉండదు," అంది నెమ్మదిగా. "నాకు మాత్రం రోజూ భయమే. నాలుగు మాటలు వినకపోతే నాకేం తెలుస్తుందయ్యా? పొద్దస్తమానం గోడలు చూస్తూ ఏదేదో ఊహించుకుంటా."

"మరి సందులో?"

"సందులో బండికి భయం." ఆమె టేపు కొసను వేలికి చుట్టి విప్పింది. "ఆ భయానికైతే ఏదో ఒకటి చెయ్యొచ్చు."

"ఏం చేస్తావు?"

"ముందు రెండో రెక్క పూర్తి చెయ్యి. చెప్తా. ఆ మిగిలిన నీలం పారబొయ్యకు."

*

ఆ సాయంత్రమే కంగారమ్మ సందులో మొదటి గుమ్మం ఎక్కింది. ఒంటరిగా కాదు. చంకలో పిచిక, పక్కన వదిన. వదినకు సంగతి ఇంకా పూర్తిగా చెప్పలేదు. చెప్తే రాదని.

వెల్డింగ్ ఆయన కళ్ళద్దాలు నెత్తి మీదకి తోసుకుని విన్నాడు.

"ఏ బండైనా సందులోకి వెనక్కి రావాలంటే ముందు మొదట్లో ఆగాలి. ఒకరు దిగి బండి వెనక నిలబడి, పిల్లల్ని పక్కకి జరిపి, ఆ తర్వాతే రమ్మనాలి. అంతేనండి."

"రూలా? ఈ సందులోనా?" ఆయన పెద్దగా నవ్వాడు. "ఎవరు పెట్టారమ్మా?"

"నేనేనండి."

"నువ్వెవరు?"

"మీ సందులో ఇల్లు కొనబోయేదాన్ని."

"ఇంకా సామానే దిగలేదు కదా!"

"సామాను తెచ్చే వ్యాను కూడా అలాగే రావాలని ముందొచ్చానండి. మీరంతా సరేనంటేనే కొంటాం."

ఆయన వదిన వైపు తిరిగాడు. "మీ తమ్ముడు కొనకముందే గేటుకి రంగేశాడటగా. ఈవిడ కొనకముందే రూలు పెడుతోంది. బాగానే కుదిరారు ఇద్దరూ!"

వదిన మొహం ఎర్రబడింది. నిన్నటి నుంచి సందంతా ఆ కథ చెప్పింది తనే. "అయితే ఏంటంట?" అంది గయ్యిమని. "మంచి మాట ఎవరు చెప్తే ఏం? నీ బండే కదా రోజూ ఇనుపరాడ్లేసుకుని గుడ్డిగా వెనక్కొచ్చేది?"

"అబ్బో! సరే గానీ, మా ఆవిణ్ణి అడగాలి..."

"నన్నడగక్కర్లేదు!" లోపలినుంచి కేక వచ్చింది. "నేను ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నా. ఆ అమ్మాయెవరో లోపలికి రమ్మను. నాకో చొక్కా పని ఉంది."

ఆ ఇల్లు దాటి రెండో ఇంటికి వెళ్ళేసరికి ఆలస్యమైంది. చొక్కా కొలతలు తీసుకుని, ఆ సందులో ఏ ఇంట్లో ఏముందో అంతా విని బయటపడింది మరి. అందరూ ఒకేలా అనలేదు. ట్యాంకరు డ్రైవరు "నాకు వెనక నిలబడేదెవరు, నీ మొగుడా?" అని విసుక్కున్నాడు. "నేనే నిలబడతా" అంది కంగారమ్మ. మేడ మీదావిడ "చూద్దాంలే" అంది. కానీ ఎవరూ వద్దనలేదు. ఆమెకు అది చాలు.

*

సందులో ఇల్లు కొన్నాక, చెమ్మ గోడ గీకి పుట్టీ పెట్టడానికి పెయింటరుకు చాలా సెలవురోజులు పట్టాయి. కానీ అన్నిటికంటే ముందు అతను చేసిన పని వేరే. సందు మొదట్లో నేల మీద అడ్డంగా తెల్లగా, జానెడు వెడల్పున ఒక గీత వేశాడు. రోడ్డుకి వేసే రంగే తెచ్చి వేశాడు. గేటుకి ఆ తర్వాత వేశాడు, మిగిలిన నీలం.

ఒకరోజు నర్సమ్మగారు చేతిలో నైటీ పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. "పొట్టి చెయ్యాలమ్మా. వయసుతో పాటు నేనూ పొట్టినవుతున్నా," అని నవ్వింది. గేటు చూసి "బాగుంది" అంది. ఆ పైన ఒక్క మాట కూడా అనలేదు.

నైటీ మిషను మీద ఉండగా బయట వ్యాను చప్పుడైంది. పెయింటరు పని నుంచి వచ్చాడు. కంగారమ్మ పాదం దానంతటదే ఆగిపోయింది. పిచిక గదిలో లేదు. కిటికీలోంచి చూసింది.

వ్యాను గీత దగ్గర ఆగి ఉంది. వదిన కొంగు బిగించి దాని వెనకాల నిలబడి, చేతులూపుతూ సందు దద్దరిల్లేలా అరుస్తోంది. "ఒరేయ్, వెల్డింగాయన పిల్లా, అవతలికి జరుగు! సుద్దముక్క తర్వాత తీసుకోవచ్చు! పిచికా, నువ్వక్కడే! ఆ... ఇప్పుడు రారా తమ్ముడూ. రా... రా... మెల్లగా చావు!"

పిచిక గుమ్మం మెట్టు మీద కూర్చున్న నర్సమ్మగారి చెయ్యి పట్టుకుని నిలబడింది. పెద్దావిడ వదిన వంకా, గీత వంకా మార్చి మార్చి చూస్తోంది. ఆవిడ రెండో చెయ్యి మోకాలి మీద ఆనించి ఉంది, ఒళ్ళో ఏదో బరువు పెట్టుకున్న మనిషిలా.

"ఎవరమ్మా ఈ రూలు పెట్టింది?" అంది వదినతో.

"ఇంకెవరు, మా కంగారమ్మే!" అంది వదిన అటు తిరక్కుండానే. "రోజుకి నాలుగుసార్లు నా గొంతు పోతోంది. ఆగరా! గోడ!"

వ్యాను ఆగింది. ఇంజను ఆగింది. కంగారమ్మ కాసేపు అలాగే చూసి, నైటీ అంచు సరిచేసుకుని, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.